డిచ్‌పల్లి దారిలో విశ్వాసం

బోథ్ నుంచి నేరడిగొండకు వచ్చి పెద్ద రోడ్డెక్కితే నిర్మల్, ఆపైన సోన్ దగ్గర గోదావరి. నది దాటి ఇంకాస్త ముందుకు వెళ్తే నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి వస్తుంది. దేవుణ్ని అనుసరించడం అంటే ఆదివారం ప్రార్థన ఒక్కటేనా అని అడిగేవారికి ఈ ఊరే జవాబు చెబుతుంది.

స్కాట్లాండ్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్, పాదిరి అయిన భర్త జార్జ్‌తో కలిసి 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. కుష్ఠు రోగులను అయినవాళ్లే ఊరి బయట పెట్టే రోజులవి. యేసు కుష్ఠు రోగిని చేయి చాపి ముట్టుకున్నాడని మత్తయి సువార్త చెబుతుంది. వాక్యం చదవడం తేలికే. ఆ పుండ్లు రోజూ కడగడం, కట్టు కట్టడం వేరు. ఆమె చేసింది అదే.

కుష్ఠు రోగుల కోసం ఆమె తలపెట్టిన ఆస్పత్రికి పెద్ద మొత్తంలో విరాళమిచ్చిన దాత నర్సాగౌడ్ హిందువు. ఆ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా పేరుతో ఆ ఆస్పత్రి మొదలైంది. అప్పటికున్న మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కించేవారు. నొప్పి ఎక్కువ, చికిత్స నెలల తరబడి. రోగులు మధ్యలో మానకుండా చూడటానికి ఎంత ఓపిక కావాలి!

ఇసబెల్ 1932లో కన్నుమూశారు.

ఇప్పుడు ఆరు నెలల నుంచి ఏడాది పాటు మాత్రలు వేసుకుంటే కుష్ఠు నయమవుతుంది. ఒంటిమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే దాచుకోకండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందు ఉచితం.