జంట మానిటర్లతో బహుళ గ్రాఫిక్స్ కార్డుల వినియోగము

ఒకే కంప్యూటరులో రెండు లేక అంతకంటే ఎక్కువ గ్రాఫిక్స్ కార్డులను అమర్చి, ఆటలోని దృశ్యాలను గీసే పనిని వాటికి పంచి ఇచ్చే పద్ధతిని బహుళ గ్రాఫిక్స్ కార్డుల పద్ధతి అంటారు. రెండు మానిటర్లకు రెండు కార్డులు కావాలన్నది అపోహ మాత్రమే. ఆటల కోసం తయారైన కార్డులలో చాలావాటికి, ఒక్కొక్క దానికే రెండు లేక అంతకంటే ఎక్కువ మానిటర్లను తగిలించవచ్చును. రెండవ కార్డు ఉద్దేశము వేగమే గాని మానిటర్ల సంఖ్య కాదు.

చరిత్ర

1998లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ విడుదల చేసిన వూడూ2 కార్డులను జంటగా వాడే వీలుండేది. తెరపై సరి వరుసలను ఒక కార్డు, బేసి వరుసలను మరొక కార్డు గీసేవి. ఈ పద్ధతిని ఎస్‌ఎల్‌ఐ అన్నారు. తరువాత ఆ సంస్థ ఆస్తులు ఎన్విడియా పరమయ్యాయి. 2004లో ఎన్విడియా అదే పొడి పేరుతో, వేరే పద్ధతిలో పనిచేసే సాంకేతికతను ప్రవేశపెట్టింది. 2005లో ఏటీఐ సంస్థ దీనికి పోటీగా క్రాస్‌ఫైర్‌ను తెచ్చింది. 2006లో ఏటీఐని ఏఎండీ కొనుగోలు చేసింది.

పనిచేయు విధానము

ఎక్కువగా వాడుకలోకి వచ్చిన విధానములో ఒక చిత్రాన్ని మొదటి కార్డు, తరువాతి చిత్రాన్ని రెండవ కార్డు గీస్తాయి. చిత్రాల మధ్య వ్యవధి సమానంగా లేకపోతే, వేగం అంకెల్లో బాగానే ఉన్నా కంటికి కుదుపు కనిపిస్తుంది. దృశ్యానికి కావలసిన సమాచారాన్ని రెండు కార్డులూ విడివిడిగా దాచుకోవాలి. కనుక 1 గిగాబైటు మెమరీ గల కార్డులు రెండు ఉన్నా ఆటకు అందేది 2 గిగాబైట్లు కాదు, 1 గిగాబైటే.

జంట మానిటర్ల సమస్య

తొలి సంవత్సరాలలో ఎస్‌ఎల్‌ఐ పనిచేస్తున్నంతసేపు ఒకే మానిటరు వెలిగేది. రెండవ దానిని వాడాలంటే ఎస్‌ఎల్‌ఐని నిలిపివేయవలసి వచ్చేది. 2008 చివరలో వచ్చిన 180 శ్రేణి డ్రైవర్లతో ఈ ఇబ్బంది తొలగింది.

ఒకే ఆటను రెండు మానిటర్లపై పరిస్తే గీయవలసిన చుక్కలు రెట్టింపవుతాయి. 1920×1080 మానిటరులో 20,73,600 చుక్కలుండగా, రెండింటిలో 41,47,200 ఉంటాయి. పైగా దృశ్యం మధ్యభాగం, అనగా గురిచూసే చోటు, రెండు మానిటర్ల అంచుల మీద పడుతుంది. అందువలన ఆటను ఒక మానిటరుపై నడిపి, రెండవదానిని సంభాషణకు, పటాలకు వాడటం పరిపాటి. ఈ వాడకంలో రెండవ మానిటరు వలన పడే భారం స్వల్పము.

విద్యుత్తు, వేడి

2010 నాటి జీఫోర్స్ జీటీఎక్స్ 480 కార్డుకు నిర్దేశించిన గరిష్ఠ విద్యుత్తు 250 వాట్లు. జంటకు 500 వాట్లు. పూర్తి భారంతో నాలుగు గంటలు ఆడితే ఈ రెండు కార్డులకే 2 యూనిట్లు ఖర్చవుతాయి. ఆ విద్యుత్తు అంతా చివరకు గదిలో వేడిగా మారుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాలలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణము. ఎత్తైన ప్రదేశములో ఉన్న మదనపల్లెలో ఎండ కొంత తక్కువ. గదిలోని గాలే వేడిగా ఉన్నపుడు కార్డులు చల్లబడటం కష్టమై, తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. అప్పుడు రెండవ కార్డుకు పెట్టిన డబ్బు వృథా అవుతుంది. రెండు కార్డుల మధ్య ఖాళీ లేకపోతే పై కార్డు మరింత వేడెక్కుతుంది. కరెంటు కోతల కోసం ఇళ్ళలో వాడే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల వరకే ఇవ్వగలవు కనుక ఇటువంటి కంప్యూటరును మోయలేవు.

ప్రస్తుత స్థితి

2021 జనవరి నుండి ఎన్విడియా కొత్త ఆటలకు ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్ళను చేర్చడం మానివేసింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090లో కార్డులను జతచేసే అమరికే లేదు. డైరెక్ట్‌ఎక్స్ 12లో బహుళ కార్డులను వాడే సదుపాయమున్నా, దానిని ఆట తయారుచేసేవారే స్వయంగా అమర్చాలి. ఆ పనికి పూనుకొన్నవారు అతి కొద్దిమంది. కృత్రిమ మేధ, శాస్త్రీయ గణనలలో మాత్రం బహుళ కార్డులు విరివిగా వాడుకలో ఉన్నాయి. జంట మానిటర్లతో ఆడేవారికి, ముఖ్యంగా ఎండ తీవ్రత గల ప్రాంతాలలో, రెండు మధ్యస్థమైన కార్డులకంటే ఒక మంచి కార్డు, గాలి బాగా ఆడే పెట్టె మేలు.