ఖాళీ ఊయల ఉన్న ఇంటికి వెళ్లేటప్పుడు...

దావీదు కుమారుడు జబ్బుపడి ఏడవ రోజున చనిపోయాడు (2 సమూయేలు 12:18). బిడ్డ కోసం రాజు ఉపవాసముండి నేలమీద పడి ప్రార్థించడాన్ని, బిడ్డ పోయాక లేచి దేవుణ్ణి ఆరాధించడాన్ని మనం తరచూ ధ్యానిస్తాం. అదే ఇంట్లో పచ్చి బాలింత ఒకామె ఉందన్నది మాత్రం మర్చిపోతాం. ఆమె బత్షెబ. ఆమె కన్నీళ్లను బైబిలు వర్ణించలేదు కానీ దావీదు ఆమెను ఓదార్చాడని రాసింది (12:24).

2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 23 లక్షల మంది శిశువులు పుట్టిన 28 రోజుల్లోపే కన్నుమూశారు. బిడ్డ పోయినా తల్లికి పాలు పడతాయి. తాగే నోరు లేక ఆమె రొమ్ములు సలుపుతుంటాయి. అలాంటి తల్లి దగ్గర కూర్చుని ‘చిన్న వయసేగా, మళ్లీ పుడతార్లే!’ అంటాం. అది ఆదరణేనా? సొలొమోను ఇంకా పుట్టకముందే, తానే ఆ బిడ్డ దగ్గరికి వెళ్తానన్నాడు దావీదు (12:23). ఆయన నిరీక్షణ రాబోయే బిడ్డ గురించి కాదు, పోయిన బిడ్డ గురించే!

మరికొందరు ‘ఏ పాప ఫలితమో!’ అని గుసగుసలాడతారు. దావీదు విషయంలో దేవుడు నాతాను ప్రవక్తను పంపి మాట్లాడాడు. మనల్ని ఎవరు పంపారు? పుట్టు గుడ్డివాణ్ణి చూసి పాపం ఎవరిదని శిష్యులడిగితే, వాడిదీ కాదు, వాడి కన్నవారిదీ కాదన్నాడు యేసు (యోహాను 9:1–3). తల్లిదండ్రుల మీద ఆ నింద మోపే హక్కు ఇక ఎవరికుంది?

బిడ్డను కడసారి ఎత్తుకోవాలని తల్లి కోరితే అడ్డుపడకండి. చిన్న దేహాన్ని చేతులమీద మోసుకెళ్లి సమాధి చేసి వచ్చిన తండ్రికి ‘నువ్వే ధైర్యంగా ఉండాలి’ అని చెప్పి వదిలేయకండి, ఆయన్నీ ఏడవనివ్వండి. పాల సలుపుకు నర్సునో డాక్టరునో సంప్రదించమనండి. వారాలు గడిచినా తల్లికి నిద్రాహారాలు లేకపోతే డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్లండి. అది అవిశ్వాసం కాదు.

పరామర్శలు మొదటి వారంతో ఆగిపోతాయి. మీరు నెల తర్వాత కూడా వెళ్లండి. బిడ్డకు పేరు పెట్టారా అని మెల్లగా అడగండి. పెట్టి ఉంటే, ఆ పేరు పలికి వారితో కలిసి ప్రార్థించండి.