లాక్రోస్ క్రీడలో కవల కీర్తి: గేట్ సోదరులు

1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో భారత హాకీ జట్టు అమెరికాను 24-1 గోల్స్ తేడాతో ఓడించింది. వాటిలో పది గోల్స్ రూప్‌సింగ్‌వి. ఎనిమిది ఆయన అన్నగారైన ధ్యాన్‌చంద్‌వి. ఒకే జట్టులో ఇద్దరు అన్నదమ్ములు రాణిస్తే ఎంతటి విజయం సిద్ధిస్తుందో ఆ ఆట నిరూపించింది. అవే ఒలింపిక్స్‌లో కర్రతో ఆడే మరొక ఆటను కూడా ప్రదర్శన క్రీడగా ఆడారు. అదే లాక్రోస్. అర్ధశతాబ్ది గడిచిన తరువాత ఆ ఆటకూ అటువంటి సోదరద్వయం లభించింది.

లాక్రోస్ ఉత్తర అమెరికా ఆదివాసుల ఆట. ముఖ్యంగా హోదెనొషోనీ జాతులవారు దీనిని సృష్టికర్త ప్రసాదించిన క్రీడగా భావిస్తారు. కర్ర చివర ఉండే చిన్న వలలో రబ్బరు బంతిని పట్టి, పరుగెత్తుతూ, సహచరులకు అందిస్తూ గోలులోకి విసరడమే ఇందలి విధానం. మైదానంలో ఆడే పద్ధతిలో జట్టుకు పదిమంది ఉంటారు. కెనడాలో బహుళ ప్రచారం పొందిన పెట్టె లాక్రోస్‌లో ఆరుగురే. చుట్టూ చెక్కగోడలున్న ఇరుకు ఆవరణలో, చిన్న గోలు ముందు ఆడే ఈ పద్ధతికి గురి, చేతివాటం, మెరుపువేగం అత్యవసరం.

గ్యారీ గేట్, పాల్ గేట్ 1967 ఏప్రిల్ 5న కెనడా పశ్చిమ తీరంలోని విక్టోరియా నగరంలో జన్మించిన కవలలు. పెట్టె లాక్రోస్‌లో ఆరితేరిన ఈ సోదరులు అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో చేరి, ఆ చాతుర్యాన్ని విశాల మైదానంలోకి తీసుకువచ్చారు. వీపు వెనుకనుంచి బంతిని అందించడం, ప్రత్యర్థిని భ్రమింపజేసి విసరడం వంటి ఒడుపులు అక్కడి ప్రేక్షకులను విస్మయపరచాయి.

1988లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంతో జరిగిన సెమీఫైనల్ చిరస్మరణీయమైనది. గ్యారీ గోలు వెనుకనుంచి పరుగెత్తి వచ్చి, గాలిలోకి ఎగిరి, అడ్డుకర్ర మీదుగా బంతిని గోలులోకి దించారు. అదే ఆటలో రెండవసారి కూడా ఆ విన్యాసం చేశారు. ఆయినా విజయం ఆఖరి క్షణాలదాకా తేలలేదు. చివరకు పాల్ వేసిన గోలుతో సిరక్యూస్ 11-10తో గెలిచింది. అన్న సాహసానికి తమ్ముని సమయస్ఫూర్తి తోడైందని చెప్పడానికి వీలులేదు. వారు కవలలు, సరిసమానులు. ఆ ఎగిరే గోలును తరువాత నియమావళి నిషేధించింది.

1988, 1989, 1990లలో సిరక్యూస్ వరుసగా జాతీయ విజేతగా నిలిచింది. కాని 1990 నాటి విజయానికి ఒక చేదు పరిణామం సంభవించింది. పాల్ కారు కొనుగోలుకు తీసుకున్న రుణానికి శిక్షకుని భార్య పూచీ సంతకం చేశారన్న కారణంగా క్రీడాసంఘం ఆ బిరుదును రద్దు చేసింది. ఆ యేడు జట్టు ఒక్క ఆటలోనూ ఓడలేదు. మైదానంలో చెమటోడ్చి గడించినది మైదానం వెలుపలి పొరపాటుతో రికార్డులనుంచి తొలగిపోయింది. ప్రతిభకు నియమపాలన రక్ష అన్న సత్యాన్ని విద్యార్థులు ఇందులో గుర్తించవచ్చు.

వృత్తి క్రీడాకారులుగా 1991లో వారు డిట్రాయిట్ జట్టును విజేతగా నిలిపారు. గ్యారీ 1995 నుంచి 1999 వరకు వరుసగా అయిదుసార్లు, తిరిగి 2003లో, ఇండోర్ లీగ్ ఉత్తమ క్రీడాకారుడయ్యారు. మధ్యలో 2002లో ఆ గౌరవం పాల్‌కు దక్కింది. 2005లో అమెరికా జాతీయ లాక్రోస్ కీర్తిమందిరం ఇద్దరికీ స్థానం కల్పించింది. 2006లో, ముప్పైతొమ్మిదేళ్ల వయసులో, గ్యారీ కెనడా పక్షాన తిరిగి బరిలో దిగారు. ప్రపంచ పోటీ తుదిసమరంలో నాలుగు గోల్స్ వేసి, అమెరికాపై 15-10 విజయానికి తోడ్పడ్డారు. 1978 తరువాత కెనడాకు అదే తొలి ప్రపంచ విజయం. 2021లో ఆయన తాము చదివిన సిరక్యూస్‌లోనే పురుషుల జట్టుకు ప్రధాన శిక్షకులయ్యారు.

సిరక్యూస్ నగరం హోదెనొషోనీలలో ఒక శాఖ అయిన ఒనొండాగా జాతి పూర్విక భూములలోనే వెలసింది. ఆదివాసులు కన్న ఆటను కెనడా పిల్లలు నేర్చి, అమెరికా మైదానాలలో కొత్త సొగసులు దిద్దారు. హోదెనొషోనీలు సైతం 1990 నుంచి ప్రపంచ పోటీలలో తమ సొంత పతాకం క్రిందనే ఆడుతున్నారు. ఒక క్రీడ ఎన్ని చేతులు మారినా దాని పుట్టింటిని మరువకపోవడమే నిజమైన క్రీడాస్ఫూర్తి.