హాలీ కాయడం లేదా? మొక్క మగదేమో చూడండి

న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియా వైపు ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామందికి గోడవారనున్న హాలీ పొద ఇంటితో పాటే సంక్రమిస్తుంది. నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకులు, వాటి అంచున ముళ్లు, డిసెంబరు నాటికి ఎర్రటి పండ్ల గుత్తులు. క్రిస్మస్ కార్డుల మీద కనిపించే మొక్క ఇదే. కొన్ని ఇళ్లలో మాత్రం పొద ఏపుగా పెరుగుతుందే గానీ ఒక్క పండూ పడదు. బలం చాలడం లేదనుకుని ఎరువు మీద ఎరువు వేస్తారు. ఆ మొక్క మగదైతే ఎంత వేసినా దండగే.

హాలీలు ఇలెక్స్ ప్రజాతికి చెందినవి. ప్రపంచంలో 500కు పైగా జాతులున్నాయి. బొప్పాయిలో, తాడిలో లాగే వీటిలోనూ ఆడచెట్టు వేరు, పోతుచెట్టు వేరు. నర్సరీ చీటీ లేకపోతే పూత వచ్చేదాకా ఏది ఏదో తేల్చలేం. వసంతం చివర్లో ఆకుల మొదళ్ల దగ్గర వేలిగోరు కంటే చిన్నవైన తెల్లటి పూలు పూస్తాయి. ఒకటి తుంచి చూడండి. సాధారణంగా నాలుగు రేకులుంటాయి. మధ్యలో నాలుగు కేసరాలు పసుపు పుప్పొడితో నిక్కి ఉంటే అది మగపువ్వు. నడిమధ్యన ఆకుపచ్చటి బుడిపె కనిపిస్తే ఆడపువ్వు. ఆ బుడిపే అండాశయం, రేపటి పండు. దాని చుట్టూ కేసరాలున్నా వాటిలో పనికొచ్చే పుప్పొడి ఉండదు. దాన్ని మగచెట్టు నుంచి తేనెటీగలే మోసుకురావాలి.

నాలుగైదు ఆడమొక్కలకు ఒక్క పోతుమొక్క చాలు. అయితే అది 15 మీటర్ల లోపు ఉండాలి, రెండూ ఒకే సమయంలో పూయాలి. శీతాకాలంలో ఆకు రాల్చి పండ్లతోనే నిలిచే వింటర్‌బెర్రీ రకాల్లో ‘రెడ్ స్ప్రైట్’కు ‘జిమ్ డాండీ’ని, ‘వింటర్ రెడ్’కు ‘సదరన్ జెంటిల్‌మన్’ను జత చేసేది అందుకే. పేరు చూసి కొంటే మాత్రం బోల్తా పడతారు. హాలీ రకాల్లో ‘గోల్డెన్ కింగ్’ ఆడది, ‘సిల్వర్ క్వీన్’ మగది! ఒక్క మొక్కకే చోటున్నవాళ్లు ‘బర్‌ఫర్డ్’ గానీ, ‘నెల్లీ స్టీవెన్స్’ గానీ పెట్టుకోవచ్చు. ఇవి మగతోడు లేకున్నా కాస్తాయి. చలి ఎక్కువున్న చోట నీలి హాలీలు నయం. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌కు చెందిన కాథ్లీన్ మెసర్వ్ 1950లలో ఇంగ్లిష్ హాలీని చలికి ఓర్చే జపాన్ జాతితో సంకరం చేసి వీటిని సాధించారు.

ముళ్ల సంగతీ ముచ్చటైనదే. ఇంగ్లిష్ హాలీ చెట్టుకు కింది ఆకులకు ముళ్లెక్కువ, పై ఆకులు చాలావరకు నున్నగా ఉంటాయి. స్పెయిన్ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, జింకలూ మేకలూ మేసిన చెట్లు ముళ్ల ఆకులను ఎక్కువగా వేస్తాయి. ఒకే చెట్టు మీది ముళ్ల ఆకుకూ నున్నటి ఆకుకూ డీఎన్ఏ మిథైలేషన్‌లో తేడా కనిపించింది. అంటే జన్యువులు మారకుండానే వాటి పనితీరు మారుతోందన్నమాట.

హాలీకి కాస్త ఆమ్లగుణమున్న, నీరు నిలవని నేల కావాలి. సిమెంటు పునాది పక్కన నాటితే అందులోని సున్నం మట్టిలోకి దిగి క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు నేలలో ఇనుమున్నా వేళ్లకు అందదు. ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య ఆకు పసుపెక్కుతుంది. మట్టి పరీక్ష చేయించి గంధకం గానీ, ఆమ్లగుణమున్న ఎరువు గానీ వేయాలి. మొదలు చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన బెరడు ముక్కలు పరవండి, కాండానికి తగలనివ్వకండి. టెక్సస్ సున్నపు నేలల్లో ఉండేవాళ్లకు అక్కడి సొంత జాతి యాపాన్ మేలు. దాని ఆకులో కెఫీన్ ఉంటుంది. అమెరికా ఆదివాసులు ఆ ఆకుతో పానీయం కాచుకునేవారు.

ఇంగ్లిష్, చైనా హాలీలు నిరుటి కొమ్మల మీదే పూస్తాయి. వేసవిలో పొదను గుండ్రంగా కత్తిరిస్తే మరుసటి ఏటి పండ్లను చేజేతులా పోగొట్టుకున్నట్టే. చలికాలం చివర, చిగురు రాకముందు, అవసరమైన కొమ్మలే తీయండి.

వాషింగ్టన్, ఆరెగన్ రాష్ట్రాల్లో ఇంగ్లిష్ హాలీ జోలికి పోవద్దు. పక్షులు విత్తనాలు వెదజల్లడంతో అక్కడి అడవుల్లో అది కలుపులా పాకింది. హైదరాబాద్, విజయవాడ ఎండలకు ఈ చలిదేశపు మొక్క తట్టుకోదు, డబ్బు పోసి తెప్పించుకోకండి. పక్షులకు ఆహారమైన హాలీ పండ్లు మనుషులకు పనికిరావు. సపోనిన్లుంటాయి, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంట్లో పసిపిల్లలో, కుక్కలో ఉంటే పండని పోతుమొక్కే క్షేమం. నర్సరీకి వెళ్లినప్పుడు ధర అడగబోయే ముందు, మొక్క ఆడదా మగదా అని అడగండి.