వార్తల్లో పదం: కంప్యూటేషన్ ఆఫ్‌లోడింగ్

మొబైల్ యాప్‌లోని బరువైన లెక్కలను క్లౌడ్ సర్వర్లతో చేయించి, ఫలితాన్ని మాత్రమే ఫోన్‌కు తెప్పించుకోవడమే కంప్యూటేషన్ ఆఫ్‌లోడింగ్. దీనివల్ల బ్యాటరీ ఆదా అవుతుంది. చౌక ఫోన్‌తోనూ ఏఐ సేవలు అందుకోవచ్చు.

ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ ప్రాజెక్టు కింద సుమారు 7,000 మంది మిర్చి రైతులతో ఏఐ సేవలను పరీక్షించారు. సలహాలిచ్చే తెలుగు చాట్‌బాట్ అందులో ఒకటి. ఇలాంటి వాటిలో రైతు ఫోన్ ప్రశ్నను పంపి జవాబును చూపుతుంది, అసలు పని సర్వర్‌దే.

చిక్కల్లా సిగ్నల్‌తోనే. 4 ఎంబీ ఫొటో సెకనుకు 8 మెగాబిట్ల వేగంలో 4 సెకన్లలో చేరుతుంది. 100 కిలోబిట్లకు పడిపోతే 5 నిమిషాలు దాటుతుంది. పైగా బలహీన సిగ్నల్‌తో డేటా పంపడానికి బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. భద్రాచలం దాటి చర్ల వైపు అడవి పల్లెల్లో వాడే యాప్‌కు ఈ లెక్క కీలకం.

ఏ పని పంపాలో, ఏది ఫోన్‌లోనే చేయాలో అప్పటికప్పుడు తేల్చే ‘మౌయి’ వ్యవస్థను మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ బృందం 2010లో వివరించింది. అంతకు ఏడాది ముందే కంప్యూటర్ శాస్త్రవేత్త మహదేవ్ సత్యనారాయణన్ బృందం, సర్వర్‌నే వినియోగదారుడి చేరువకు తెచ్చే ‘క్లౌడ్‌లెట్’ను ప్రతిపాదించింది. నేటి ఎడ్జ్ కంప్యూటింగ్‌కు అదొక పునాది.