లా స్కూల్లో సీటొస్తే సరిపోతుందా?

మా పక్కింటి నల్లజాతి కుటుంబంలోని అమ్మాయి లా స్కూల్లో మొదటి సంవత్సరం చదువుతోంది. క్రిస్మస్ సెలవులకు ఇంటికొస్తే పలకరించడానికి వెళ్లాను. మాటల మధ్యలో "మీకు కోటా ఉంటుంది కదా" అనేశాను. "క్లాసులో మొదటి వారం నుంచీ వింటున్న మాటే ఇది" అంది నెమ్మదిగా. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనే మా ఎనిమిదో తరగతి అబ్బాయి కూడా ఉన్నాడు.

నేను చదివింది బీఎస్సీ, లా సంగతులు తెలియవు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది: అమెరికాలో అడ్మిషన్లకు జాతి కోటాలు చెల్లవని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. జాతిని ఒక అంశంగా చూసే పద్ధతిని కూడా 2023 జూన్‌లో ఆపేసింది. హార్వర్డ్ లా స్కూల్లో మొదటి ఏడాది నల్లజాతి విద్యార్థులు 2023లో 43 మంది ఉంటే, 2024లో 19 మందే చేరారు.

ఇంకాస్త వెనక్కి వెళితే, 1946లో హీమన్ స్వెట్ అనే ఆయనకు నల్లవాడన్న కారణంతో టెక్సాస్ యూనివర్సిటీ లా స్కూల్ సీటివ్వలేదు. కేసు పడ్డాక, నల్లవాళ్ల కోసం రాష్ట్రం విడిగా ఒక లా స్కూలు పెట్టింది. ఆయన తరఫున థర్‌గుడ్ మార్షల్ వాదించారు. 1950లో సుప్రీంకోర్టు ఆ విడి స్కూలు సమానం కాదంది. లా అనేది పుస్తకాలతోనే వచ్చేది కాదు, తోటివాళ్లతో వాదించి, ఆలోచనలు పంచుకుని నేర్చుకోవాలి అన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట. స్వెట్‌కు సీటొచ్చింది. కానీ ఆరోగ్యం పాడై, ఇంట్లో ఇబ్బందులొచ్చి 1952లో డిగ్రీ లేకుండానే మానేశారు.

ఆ అమ్మాయి చెప్పినవి వింటే ఆ తీర్పే గుర్తొచ్చింది. పోలీసుల కేసు చర్చకొస్తే క్లాసంతా తన వైపే తిరుగుతుందట, మొత్తం జాతి తరఫున తనే జవాబు చెప్పాలన్నట్టు. స్టడీ గ్రూపులు తనకు తెలియకుండానే ఏర్పడిపోతాయట. ఇది చిన్న సంగతి కాదు. చాలా లా కోర్సుల్లో మార్కులన్నీ దాదాపు ఒక్క ఫైనల్ పరీక్షమీదే. పైగా గ్రేడు తోటివాళ్లతో పోల్చి వేస్తారు. గ్రూపులో తిరిగే నోట్సు అందనివాళ్లు వెనకబడతారు. పెద్ద లా కంపెనీలు సమ్మర్ ఉద్యోగాలకు చూసేదీ ఆ మొదటి ఏడాది గ్రేడ్లే. అంటే సీటు ఇచ్చి, చదువులో సగం ఇవ్వనట్టే.

మనవాళ్లు ఇంతమంది ఇక్కడికి రాగలిగింది 1965 ఇమ్మిగ్రేషన్ చట్టంవల్ల. నల్లజాతివాళ్ల పౌరహక్కుల పోరాటం నడిచిన రోజుల్లోనే, ఆ పోరాటం తెచ్చిన మార్పులో భాగంగా వచ్చిన చట్టమది. అయినా వాళ్ల పిల్లలకు సీటొస్తే మన ఇళ్లలో ముందొచ్చే మాట "కోటా". పిల్లలు దాన్నే స్కూలుకి మోసుకెళతారు.

మర్నాడు వెళ్లి ఆ అమ్మాయికి సారీ చెప్పాను. "మీ అబ్బాయి కూడా విన్నాడు కదా, తనకీ చెప్పండి" అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర స్వెట్ కథ మొదలుపెట్టాను.