చుక్కల కోసం... ఓ చిన్న ఉత్తరం!

రాత్రి ఇంటిల్లిపాదీ హోటల్లో భోంచేసి వచ్చారు. పొద్దున మెయిల్ తెరిస్తే ఆ హోటల్ నుంచే ఉత్తరం. 'మా వంట ఎలా ఉంది? వీలుంటే నాలుగు మాటలు రాయండి' అంటూ కింద ఓ లింకు. రాయాలా, వద్దా? రాస్తే ఎవరికి లాభం? ఆ నాలుగు మాటల వెనక పెద్ద కథే ఉంది.

ఒకప్పుడు యజమాని గల్లాపెట్టె దగ్గరే కూర్చునేవాడు. చిల్లర ఇస్తూ 'టిఫిన్ ఎలా ఉందండీ' అని అడిగేవాడు. సాంబారులో ఉప్పెక్కువైతే అక్కడే చెప్పేసేవాళ్లం. మహా అయితే ఆ మాట వీధి చివరిదాకా వెళ్లేది. ఇప్పుడు అదే మాట ఇంటర్నెట్‌లో పెడితే ఎక్కడెక్కడివాళ్లో చదువుతారు. ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. అందుకే హోటళ్లవాళ్లకి రాత్రిపూట చుక్కలు లెక్కపెట్టుకోవడం నిజంగానే ఓ పనైపోయింది.

అర చుక్క ఖరీదెంత?

అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైఖేల్ లూకా 2011లో ఓ పరిశోధన పత్రం వెలువరించారు. సియాటిల్ నగరంలోని హోటళ్ల ఆదాయాన్నీ 'యెల్ప్' వెబ్‌సైట్‌లో వాటికొచ్చిన రేటింగునీ పక్కపక్కన పెట్టి చూశారాయన. ఒక్క చుక్క పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని తేలింది.

'వంట బాగుంటే చుక్కలూ వస్తాయి, జనమూ వస్తారు. ఇందులో చుక్కల గొప్పేముంది' అంటారా? ఆ సందేహాన్ని తీర్చుకోడానికీ ఆయన ఓ దారి పట్టుకున్నారు. యెల్ప్ సగటు రేటింగుని దగ్గర్లోని అర చుక్కకి సవరించి చూపించేది. 3.24 వస్తే మూడు చుక్కలు, 3.26 వస్తే మూడున్నర. ఆ రెండు హోటళ్ల రుచిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఉండదు. అయినా మూడున్నర కనిపించిన హోటళ్లకే ఆదాయం పెరిగింది.

ఇంకో విశేషమేంటంటే... ఊరూరా శాఖలున్న పెద్ద కంపెనీల హోటళ్లమీద ఈ ప్రభావం కనిపించలేదు. వాటి సంగతి జనానికి ముందే తెలుసు కదా. చుక్కల మీద బతుకు ఆధారపడేది ఒక్క కొట్టు పెట్టుకుని నడుపుకునేవాళ్లకే అన్నమాట.

నచ్చినవాళ్లు రాయరు

కడుపునిండా తిని తృప్తిగా వెళ్లినవాళ్లు సాధారణంగా ఏమీ రాయరు. కడుపు మండినవాళ్లు మాత్రం కారెక్కకముందే ఫోన్ తీస్తారు. లేదంటే మరీ పొంగిపోయినవాళ్లు రాస్తారు. 'బాగానే ఉంది' అనుకునే మధ్యరకం వాళ్ల గొంతు వినిపించదు. ఆ గొంతు వినిపించేలా చేయడానికే ఈ మెయిళ్లు.

చిన్న లెక్క చూడండి. ఓ హోటల్‌కి పది రివ్యూలున్నాయి, సగటు 4.5. పదకొండో మనిషి ఒక్క చుక్క ఇస్తే సగటు 4.2కి జారిపోతుంది. అదే వంద రివ్యూలుంటే? ఆ ఒక్క చుక్కతో కదిలేది 4.5 నుంచి 4.47కే. ఎంత ఎక్కువమంది రాస్తే ఒక్కరి కోపం అంత తక్కువ దెబ్బతీస్తుంది.

ఉత్తరంతో పుట్టి... ఉత్తరం వద్దని!

2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలో యెల్ప్ మొదలైంది కూడా మెయిళ్లతోనే. 'మంచి డాక్టరెవరైనా తెలుసా' అని స్నేహితులకి మెయిల్ పంపి సలహా అడిగే ఏర్పాటది. అది అంతగా పట్టాలెక్కలేదు. కానీ ఎవరూ అడక్కుండానే రివ్యూ రాసే వీలు ఓ మూలన ఉంటే, జనం దాన్ని తెగ వాడుకున్నారు. దాంతో సంస్థ దారి మార్చింది. ఆ యెల్పే ఇప్పుడు వ్యాపారులకి 'రివ్యూలు అడగకండి' అని చెబుతోంది. అడిగి రాయించుకుంటే మంచివే పోగవుతాయన్నది దాని వాదన.

గూగుల్ దారి వేరు. అడగొచ్చు, లింకు కూడా ఇస్తుంది. కానీ డబ్బో డిస్కౌంటో ఆశచూపకూడదు. మరో కిటుకునీ 2018లో నిషేధించింది. 'నచ్చిందా, లేదా' అని ముందు మెయిల్లో అడిగి, నచ్చిందన్నవాళ్లని మాత్రమే గూగుల్‌కి పంపి, నచ్చలేదన్నవాళ్ల చేత రహస్యంగా ఫిర్యాదు రాయించుకోవడమే ఆ కిటుకు.

లేని హోటల్‌కి మొదటి స్థానం

ఇన్ని కట్టుబాట్లెందుకంటే... 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత తన ఇంటి షెడ్డుని 'ది షెడ్ ఎట్ డల్విచ్' పేరుతో హోటల్‌గా ట్రిప్అడ్వైజర్‌లో నమోదు చేశాడు. స్నేహితుల చేత పొగడ్తలు రాయించాడు. వంటగదే లేని ఆ 'హోటల్' కొద్దినెలల్లోనే లండన్‌లో మొదటి స్థానానికి చేరింది. టేబుల్ కోసం ఫోన్లు వెల్లువెత్తాయి!

ఇది సరదాకి చేసిన పని. దీన్నే వ్యాపారంగా చేసినవాళ్లూ ఉన్నారు. దొంగ రివ్యూలు అమ్మిన ఓ వ్యక్తికి ఇటలీలోని లెచ్చె కోర్టు 2018లో తొమ్మిది నెలల జైలుశిక్ష వేసింది. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం, 'మంచిగా రాస్తేనే బహుమతి' అనడం నిషిద్ధం. మనదేశంలో బీఐఎస్ 2022 నవంబరులో ఐఎస్ 19000 పేరుతో ఆన్‌లైన్ రివ్యూలకి ప్రమాణాలు తెచ్చింది. వీటిని స్వచ్ఛందంగా పాటించమంటూ మొదలుపెట్టారు.

అడిగే తీరు, రాసే తీరు

హోటల్ నడిపేవాళ్లు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. భోజనం గుర్తుండగానే, అంటే ఒకట్రెండు రోజుల్లోపే మెయిల్ పంపాలి. నాలుగు వాక్యాలు, ఒక్క లింకు చాలు. 'అయిదు చుక్కలివ్వండి' అనకూడదు, 'ఎలా ఉందో చెప్పండి' అనాలి. నచ్చినవాళ్లనీ నచ్చనివాళ్లనీ ఒకేలా అడగాలి. బదులు రాకపోతే వెంటపడకూడదు. చెడ్డ రివ్యూ వస్తే వాదనకి దిగకుండా, ఏం సరిచేశారో దాని కిందే రాయాలి. చదివేవాళ్లు ఆ జవాబునీ చూస్తారు.

ఇక మనం... బిల్లు కట్టేటప్పుడు ఫోన్ నంబరో మెయిలో ఇచ్చి తీరాలనేం లేదు. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మే నెలలో దుకాణదారులకి సూచించింది కూడా. ఇచ్చామా, ఉత్తరం వస్తుంది. అప్పుడు రాసేది నిజం రాయాలి. ఏం తిన్నాం, ఏది బాగుంది, ఏది బాలేదు... చెబితే చాలు. సర్వర్ ఆలస్యం చేశాడన్న కోపంతో వంటవాడి చుక్కలు కోసేయడం న్యాయం కాదు. పాచిన కూర పెట్టినా మొహమాటపడి అయిదు చుక్కలివ్వడమూ మంచిది కాదు. ఆ చుక్కల్ని నమ్మి రేపు మరో కుటుంబం పిల్లల్ని తీసుకుని అక్కడికే వెళ్తుంది మరి!